రెండు బొక్కల బ్రామ్లీ

ఎల్లారెడ్డి,
ఆగస్టు 5.

కామారెడ్డి పాత మోటార్ల సంఘం కార్యదర్శి సుందర్ సారుకు, ఎల్లారెడ్డి నుంచి మోటర్ వైండింగ్ షాపు హన్మంతు నమస్కారం పెట్టి రాసేదేమంటే,

ఇక్కడ మేమంత మంచిగున్నం. మీరు గూడ మంచిగనే ఉన్నట్టున్నరు. మొన్న ఫోన్ చేస్తే "ఏదున్నా రాతపూర్వకంగా పంపండి" అని ఠపీమని పెట్టేసిన్రు. ఒంట్లె బాగలేనోళ్లకు అంత కోపం రాదు.

మా కాడ ఒక కారున్నది. ఎర్రది. రెండే సీట్లు. పైన కప్పు లేదు. ఉండెనట గని నేను పుట్టకముందే గాలికి పోయింది. మూతి మీద ఇంగ్లీషుల బ్రామ్లీ అని ఉన్నది. మా నాయిన మైసన్న, ప్రాజెక్టు కాడ ఇంజనీర్ దొరకు డ్రైవర్. దొర వాళ్ల దేశం పోయేటప్పుడు "మైసన్నా, దీన్ని నువ్వే చూసుకోవాలె" అని తాళంచెవి చేతిల పెట్టి పోయిండు. మా నాయిన బతికినన్ని రోజులు తుడిచిండు. ఇప్పుడు నేను తుడుస్తున్న.

తిప్పలేందంటే, ఈ బండి ఎప్పుడు తయారైందో, ఎన్నో నంబరుదో మీ సంఘం కాయితం ఇస్తేనే ఆర్టీవో ఆఫీసుల పాత బండి కింద రాసుకుంటరట. లేకుంటే తుక్కే. మా ఇంట్ల రాజమణి రెండు బర్రెలను చూసి పెట్టుకున్నది. "దసరా దాకా ఆగుత. కాయితం రాకుంటే కారు తుక్కోనికి, రేకుల షెడ్డు బర్రెలకు" అన్నది. నా భార్య మాటంటే మాటే. బర్రెలు గూడ ఒప్పుకున్నట్టే ఉన్నయి.

కాబట్టి ఆ కాయితం ఇప్పించగలరు.

ఇట్లు,
హన్మంతు

తా.క.: బండి నడుస్తది. వాలు ఉంటే ఇంకా మంచిగ నడుస్తది.

*

కామారెడ్డి,
ఆగస్టు 12.

శ్రీ హన్మంతు గారికి,

విషయం: లేని కారు గురించి మీరు రాసిన ఉత్తరం.

మీ ఉత్తరం అందింది. సంఘ సభ్యుల సమావేశంలో చదివి వినిపించాను. వాలు అన్న మాట దగ్గర అందరూ నవ్వారు.

బ్రామ్లీ అనేది ఇంగ్లండులో చేత్తో తయారుచేసిన పందెపు కారు. మన జిల్లాలో ఉన్నది ఒకే ఒక్కటి. అది నాది. ఎర్రది. పన్నెండో నంబరు. దాన్ని చూడటానికి హైదరాబాదు నుంచి పెద్దలు వస్తారు, చెప్పులు బయట విడిచి షెడ్డులోకి అడుగు పెడతారు. ఎల్లారెడ్డిలో రేకుల కింద ఇంకో బ్రామ్లీ ఉందని మీరు చెప్పడం, మా పెరటి బావిలో తిమింగలం ఉందని నేను చెప్పడం లాంటిది.

అయినా నిబంధన నిబంధనే. ఇంజను పక్కన బిగించి ఉండే ఇత్తడి పలక మీది నంబరు, బండి అసలు రంగు, స్టీరింగు ముందుండే చెక్క బోర్డు వివరాలు రాసి పంపండి. రిజిస్టర్ పోస్టులో మాత్రమే. సెల్‌ఫోన్లో పంపిన బొమ్మలను చరిత్ర అంగీకరించదు.

భవదీయుడు,
సుందర్
కార్యదర్శి (రెండోసారి ఏకగ్రీవం)

తా.క.: రెండే సీట్లున్నంత మాత్రాన పందెపు కారు అయిపోదు. ట్రాక్టరుకు ఒకటే సీటు ఉంటుంది. మరి దాన్నేమంటారు?

*

ఎల్లారెడ్డి,
ఆగస్టు 17.

సుందర్ సారుకు హన్మంతు రెండో నమస్కారం. మొదటిది మీకు ముట్టినట్టు లేదు.

ట్రాక్టరును ఏమంటరని అడిగిన్రు. ట్రాక్టరే అంటరు సారు. మా దిక్కు చిన్న పోరగాండ్లకు గూడ తెలుసు.

మీరు అడిగిన వివరాలు. ఇత్తడి పలక మీద కాయితం పెట్టి పెన్సిలుతోని రుద్దిన. నంబరు అచ్చు గుద్దినట్టు ఒచ్చింది, 417. ఆ కాయితం దీనితోనే పంపుతున్న.

రంగు తెలుసుకుందామని తలుపు సందుల గోరుతోని గీకిన. పైన ఎరుపు. దాని కింద ఎరుపు. దాని కింద గూడ ఎరుపే. మా నాయిన జన్మల వేరే రంగు డబ్బా ముట్టుకోలే. గీకంగ గీకంగ గోరుకు నొప్పి లేసింది గని ఎరుపు ఒడువలే.

చెక్క బోర్డుకు ఎడమ దిక్కు పక్కపక్కన రెండు సన్న బొక్కలున్నయి, చుట్టూ ఇత్తడి అంచుతోని. మా రాజమణి దసరాకు బండి పూజ చేసినప్పుడల్ల అండ్ల ఊదుబత్తులు గుచ్చుతది. ఒక్కటి గూడ ఒరగది. ఎక్కడో ఇంగ్లండుల కూసొని మన పండుగ గురించి గింత ఆలోచన చేసిన్రు సూడు, అని మేము ప్రతి ఏడు అనుకుంటం.

ఇట్లు,
హన్మంతు

తా.క.: మా షెడ్డుల గూడ అందరు చెప్పులు బయటనే ఇడుస్తరు. ముందల బురద ఉంటది.

*

కామారెడ్డి,
ఆగస్టు 26.

శ్రీ హన్మంతు గారికి,

విషయం: దొంగ పలక.

బ్రామ్లీ ఫ్యాక్టరీ రాసుకున్న పుస్తకం నకలు మా సంఘం బీరువాలో ఉంది. తాళం నా దగ్గర ఉంది. ఏ బండి ఏ నెలలో బయటికి వచ్చిందో, దానికి ఏ రంగు వేశారో అన్నీ అందులో ఉంటాయి. మీరు పంపిన 417 ఎదురుగా ఏముందో చదవండి: 1956 మార్చి, లేత ఆకుపచ్చ, చెక్క బోర్డుకు రంధ్రాలు లేవు.

మీ బండి ఎర్రది. రంధ్రాలున్నాయి. అంటే మీ బండి మీ బండి కాదు.

ఆ రెండు రంధ్రాలు ఊదుబత్తీలకు కావు. పందెంలో సమయం చూసుకునే గడియారాన్ని బిగించడానికి. మొదటి యాభై బండ్లకే అవి ఉంటాయి. నా పన్నెండో నంబరుకు ఉన్నాయి. మీరు ఏ ఊరేగింపులోనో నా కారును చూసి, ఇంటికి పోయి మేకుతో పొడిచి ఉంటారు. పలక ఏ తుక్కు దుకాణంలోనో దొరికి ఉంటుంది. కాబట్టి ధ్రువపత్రం ఇవ్వడం కుదరదు.

భవదీయుడు,
సుందర్

తా.క.: చరిత్రకు ఊదుబత్తీలు గుచ్చిన కుటుంబం, నాకు తెలిసి, మీదొక్కటే.

*

ఎల్లారెడ్డి,
సెప్టెంబర్ 5.

సుందర్ సారుకు హన్మంతు మూడో నమస్కారం. ఇది కొంచెం చిన్నది.

మీ ఉత్తరం రాజమణికి చదివి వినిపించిన. "మీ బండి మీ బండి కాదు" అన్న కాడ బర్రెలాయనకు ఫోన్ కలపబోయింది. "మేకుతో పొడిచిన్రు" అన్న కాడ ఫోన్ కింద పెట్టింది.

"నా ఊదుబత్తుల బొక్కలు మేకుతోని పొడిచినమంటడా గాయిన? బర్రెలు ఏడికి పోవు. ముందుగల గాయిన సంగతి చూడు" అన్నది.

సారూ, నేను ఏడో తరగతి దాకనే సదివిన గని ముప్పై ఏండ్ల సంది మోటర్లు ఇప్పుతున్న. పలకదేముంది, నాలుగు స్క్రూలు ఊడదీస్తే చేతిలకొస్తది. ఫ్యాక్టరోళ్లు బండి అడుగు ఇనుము మీద గుద్దిన నంబరు అబద్ధం చెప్పది. బ్రేకు కింద కాళ్ల చాప లేపి చూసిన. దసరా దసరాకు పూజల పెట్టిన యాభై ఏండ్ల పసుపు కుంకుమ అట్ట కట్టి ఉన్నది, రోడ్డు మీద తారు లెక్క. గీకుతనంటే రాజమణి అడ్డమొచ్చింది.

"పెట్టిన బొట్టు గీకుతవా? చెయ్యి ఎట్లొస్తది నీకు?"

పొద్దుగాల నుంచి బతిమాలితే, ముందు కొత్త బొట్టు పక్కకు పెట్టి తర్వాత పాతది తియ్యాలె అన్నది. గట్లనే చేసినం. అట్ట ఊడింది. కింద నంబరున్నది.

పన్నెండు సారు. ముందల ఏం లేదు, ఎనుక ఏం లేదు. ఒకటి, రెండు. మీ పుస్తకంల దాని ఎదురుంగ ఏమున్నదో జర చూసి చెప్పున్రి.

ఇట్లు,
హన్మంతు

తా.క.: మీ బండికి ఇనుము మీద ఎంత నంబరున్నది? ఊకెనే అడుగుతున్న.

*

కామారెడ్డి,
సెప్టెంబర్ 12.

హన్మంతుకు,

విషయం: పోలీసులు.

పన్నెండో నంబరు నాది! పుస్తకంలో స్పష్టంగా ఉంది: 1954 జూన్, ఎరుపు, రెండు రంధ్రాలు. నా ఇత్తడి పలక మీద 12 అని మెరుస్తూ ఉంది. లండన్ నుంచి వచ్చిన ధ్రువపత్రం గోడకు ఉంది. నాకు కప్పిన శాలువా దాని కింద ఉంది. సుత్తి ఉన్నవాడెవడైనా ఇనుము మీద నంబరు గుద్దగలడు, నీ షాపులో సుత్తులకు కొదవ ఉండదు.

నా బండి ఇనుము మీద ఏముందని అడిగావు. చూడాల్సిన అవసరం నాకు లేదు. పెళ్లయి ముప్పై ఏళ్లయ్యాక ఎవరైనా లగ్నపత్రిక తెరిచి పేర్లు సరిచూసుకుంటారా?

మా సంఘం తొమ్మిదో నిబంధన నేనే రాశాను. పలక మీద ఒక నంబరు, ఇనుము మీద ఇంకో నంబరు ఉన్న బండి యజమానిని సంఘం నుంచి శాశ్వతంగా తొలగించాలి. నువ్వు సభ్యుడివి కావు కాబట్టి, ముందు చేర్చుకుని ఆ తర్వాత తొలగిస్తాం. పోలీసులకు ఆ పైన చెబుతాం.

సుందర్
కార్యదర్శి

తా.క.: చేరడానికి దరఖాస్తు జతపరిచాను. పెద్ద అక్షరాలతో నింపాలి.

*

ఎల్లారెడ్డి,
సెప్టెంబర్ 22.

సుందర్ సారుకు హన్మంతు నాలుగో నమస్కారం.

దరఖాస్తు ముట్టింది. నింపలే. ఎందుకో చివరిదాక సదివితే మీకే తెలుస్తది.

నస్రుల్లాబాద్ పోయొచ్చిన. మీ కామారెడ్డిల మెకానిక్ కలీమ్ సాబ్ ఉండె గద, ఎనభై దాటినయి, ఇప్పుడు ఆడనే ఆయన బిడ్డ తాహేరా ఇంట్ల ఉంటున్నడు. మా నాయిన కాలం నుంచి మా బండికి ఆయన చెయ్యే.

"ఉస్తాద్, మా బండికి పలక మీద 417, ఇనుము మీద 12 ఉన్నది. ఏంది కథ?" అన్న.

చాయ్ సాసర్ల పోసుకొని ఊదుకుంట, "ఓ, ఆ దసరానా?" అన్నడు.

"దసరా అని నేను అన్లే గద."

"నువ్వు అనకుంటే ఏమాయె? రెండు బ్రామ్లీలు ఒక్కపారి నా షాపుల ఉన్నది ఆ ఒక్క పండుగకే. మీ మైసన్నది ఎర్రది. కామారెడ్డి సుందర్ సాబ్ వాళ్ల నాయినది పచ్చది. ఇద్దరు పూజకు తళతళ మెరవాలె అన్నరు. పలకలు ఊడదీసి ఇంటికి పంపిన. మా బేగం బిందెలతోపాటు చింతపండు పెట్టి తోమింది. ఎండల ఆరబెట్టి మల్ల బిగించిన."

"ఏది దేనిదో చూసుకున్నవా?"

"ఎందుకు చూడాలె బేటా? స్క్రూలు సరిపోయినయి."

లోపటి నుంచి తాహేరా నవ్వుకుంట, "అబ్బాజాన్, ఆరేండ్ల కింది ముచ్చట గూడ చెప్పరాదూ" అన్నది.

కలీమ్ సాబ్ సాసర్ కింద పెట్టిండు. "సుందర్ సాబ్ ఆ పచ్చ బండి తోలుకొచ్చిండు. లండన్ కాయితంల ఎరుపు అని ఉన్నది, మా నాయిన తెల్వక పచ్చ ఉంచిండు, ఎరుపు కొట్టు అన్నడు. కొట్టిన. కాయితంల రెండు బొక్కలు రాసున్నయి, బండికి లేవు, పొడువు అన్నడు. పొడిచిన. ఎవ్వరికీ చెప్పొద్దని ఒట్టు పెట్టించుకున్నడు. అందుకే నీకొక్కనికే చెప్తున్న."

సారూ, మేము మేకుతోని పొడిచినమన్నరు. మీరు మిషిన్ పెట్టి పొడిపించిన్రు. ఎంతైనా కామారెడ్డి కామారెడ్డే.

ఇట్లు,
హన్మంతు

తా.క.: మీ తొమ్మిదో నిబంధన మస్తుగున్నది. బ్రేకు కింద చాప లేపి చూసినంక, అది ఎవరికి పనికొస్తదో రాయున్రి.

*

కామారెడ్డి,
సెప్టెంబర్ 30.

హన్మంతన్నకు, నీ తమ్ముడు సుందర్ దండం పెట్టి రాసేది.

విషయం: ఏం లేదన్నా.

చాప లేపిన. 417. బట్టతోని తుడిచిన. తుడిచినకొద్ది ఇంకా మంచిగ కనవడ్డది. పక్కన గోరంత పచ్చ రంగు గూడ మిగిలున్నది, నన్ను చూసి నవ్వినట్టు.

కాయితం పంపుతున్న. బ్రామ్లీ, పన్నెండో నంబరు, 1954 జూన్, ఎరుపు, రెండు బొక్కలు పుట్టుకతోనే. సంతకం నాది, ముద్ర సంఘానిది. బర్రెలకు వేరే జాగ చూసుకొమ్మని రాజమణక్కకు చెప్పు. గోడకున్న ధ్రువపత్రం తీసిన. శాలువా ఉంచుకున్న, దాని మీద నంబరు లేదు.

తొమ్మిదో నిబంధన నిన్నటి సమావేశంల నేనే చదివి నేనే తీసేయించిన. ఎందుకని అడిగిన్రు. మానవత్వం అన్న. చప్పట్లు కొట్టిన్రు.

దసరానాడు నా పలక ఊడదీసుకొని ఎల్లారెడ్డి వస్తున్న. నువ్వు గూడ నీది ఊడదీసి జేబుల పెట్టుకో. జమ్మి ఆకు చేతిల పెట్టి అలయ్ బలయ్ అని కావలించుకునేటప్పుడు ఆకు కింద పలక మార్చుకుందాం. చూసినోళ్లకు అందరి లెక్కనే జమ్మి బంగారం ఇచ్చుకున్నట్టుంటది.

ఇట్లు,
417 సుందర్

తా.క.: ఎరుపు గీకించి పచ్చ కొట్టిస్త. బొక్కలు మాత్రం పూడ్చనంటున్నడు కలీమ్ సాబ్, చెక్క పగులుతదట. రాజమణక్కను అడిగి రాయన్నా, ఏ రకం ఊదుబత్తులైతే ఒరగకుంట నిలబడతయి? మావి జర పెద్దగ పొడిచిన్రు.