సమీరా వాళ్ళమ్మ ఫోన్ చేసింది

గురువారం రాత్రి, మిల్టన్

ఈరోజు మా డేకేర్‌లో పిల్లలకన్నా మేమే ఎక్కువ గోల చేశాం. గాజాలో కాల్పుల విరమణ మొదలైంది. లంచ్ టైమ్‌లో, నాతో పనిచేసే సమీరాకి వాళ్ళమ్మ అక్కణ్ణించి ఫోన్ చేసింది. క్షేమంగా ఉంది! డేరాలో టీ కాచుకుంటోందట. సమీరా ఏడుస్తూ, నవ్వుతూ స్పీకర్‌లో పెట్టింది. నాకు అరబిక్ ముక్క రాదు, అయినా "నమస్తే అమ్మా!" అని అరిచాను. "ఎవరా గొంతు?" అని నవ్విందట ఆవిడ.

అప్పుడే మాతో పనిచేసే నోవా వచ్చి గుమ్మంలో ఆగిపోయింది. ఆమెది ఇజ్రాయెల్, తమ్ముడు సైన్యంలో ఉన్నాడు. యుద్ధం మొదలైనప్పటి నుంచి వీళ్ళిద్దరి మధ్య గుడ్ మార్నింగ్ తప్ప మాటల్లేవు. ఈరోజు సమీరానే ముందు అడిగింది, "మీ తమ్ముడు?"

"ఇంటికొస్తున్నాడు," అంది నోవా.

అంతే, ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని ఏడ్చేశారు. నేనూరుకుంటానా, మధ్యలో దూరాను.

సాయంత్రం బయల్దేరేటప్పుడు సమీరా మెల్లగా చెప్పింది, "అమ్మ ఇంకా బట్టల మూట విప్పలేదక్కా. మళ్ళీ పరిగెత్తాల్సొస్తుందేమోనని."

ఆ మాట ఇంకా గుచ్చుకుంటూనే ఉంది. ఈ శాంతి ఎన్నాళ్ళు నిలుస్తుందో...

సరే, రేపు ఇద్దరికీ గారెలు తెస్తానన్నాను. మినప్పప్పు నానబోసి వచ్చి ఇది రాస్తున్నాను.