గోల్ దగ్గర ఒక్కడే

ఆదివారం రాత్రి

ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయడమేమనగా, ఫుట్‌బాల్ క్లబ్బు వార్షికోత్సవంలో మాయమైన మిర్చి బజ్జీలు నా పొట్టలోనే ఉన్నాయి. దానికి నాకేం సిగ్గు లేదు.

సిగ్గల్లా మైకు పట్టుకున్నందుకే. జూట్ మిల్లు కార్మికులు పెట్టిన క్లబ్బు కదా, పాత కథ ఒకటి చెప్పమన్నారు. గన్నవరం జట్టుతో ఆట మధ్యలో మిల్లు సైరన్ మోగితే మనవాళ్లంతా షిఫ్టుకు పరుగెత్తారనీ, గోల్‌కీపర్ ఇస్మాయిల్ గారు ఒక్కరే నిలబడి వచ్చిన బంతినల్లా ఆపారనీ చెప్పాను. కుర్రాళ్లు ఆ ముసలాయన్ని భుజాలకెత్తుకున్నారు.

స్కూటర్ మీద ఇంటికి దింపుతుంటే మెల్లగా అడిగారాయన.

"నేనూ పరిగెత్తాననే ఇన్నాళ్లూ అనుకుంటన్నా అబ్బాయ్. నిలబడ్డానంటావా?"

"నిలబడ్డారు బాబాయ్ గారూ."

"అయితే నాకు మతి పోతందిరా. రేపు డాక్టరు దగ్గరికి తీసుకెళ్తావా?"

ఊరందరి మీదా నోరు పారేసుకునే నాకు, అబద్ధమండీ అనడానికి నోరు పెగల్లేదు. సరేనన్నాను. రేపు ఆ డాక్టరుకు ఏం చెప్పి చావాలి...

ఆయన మతి భేషుగ్గా ఉంది. సైరన్ మోగిన మాట నిజం. ఆయన, మా నాన్న కలిసే మిల్లు గేటు దాకా పరుగెత్తారు. నిలబడ్డారన్నది చప్పట్ల కోసం నేను అప్పటికప్పుడు పుట్టించిన మాట.