చరణం లేని పాట

చెన్నై, జనవరి 8

ప్రియమైన నాయనకు,

ఫోనులో చెబితే మధ్యలో నవ్వుతావని ఉత్తరం రాస్తున్నాను. నా చివరి పరీక్షకు రాసిన సంగీతం ఇందులో పెట్టాను. రెండు హార్మోనియంలు, అవే ఐదు స్వరాలు, పదిహేను నిమిషాలు. నువ్వు వేగం మార్చకూడదు. బాలస్వామి మామ మాత్రం లయలో నీకంటే వెంట్రుకవాసి ముందుకు జరుగుతూ పోవాలి. దీన్ని మినిమలిజం అంటారు, కాసిని స్వరాలతోనే చెవిని కట్టిపడేయడం. నెలాఖరులోగా రికార్డింగు ఇవ్వకపోతే పట్టా రాదు. కల్లూరు చర్చిలో ముప్పై ఏళ్ళుగా లయ తప్పని చెయ్యి నీది. అలాంటిది ఇక్కడ నాకు కనబడలేదు.

నీ ముద్దుల కూతురు,
దీవెన

కల్లూరు, జనవరి 19

ప్రియమైన దీవెనకు నాయన దీవెనలు.

మొదటి రోజు నవ్విన మాట నిజమే. బాలస్వామి అయితే పెట్టె మూసేసి, "ఏమప్పా జయపాలూ, పల్లవే తిరుగుతాండాది, చరణం యాడ?" అన్నాడు. నాలుగో రోజు సంగతి వేరు. అతను కాస్త ముందుకు జరగగానే, మేమిద్దరం వాయించని మూడో పాట ఒకటి వినబడింది. ఎవరు వాయిస్తున్నారా అని వెనక్కి తిరిగి చూశాను తల్లీ! ఇన్నేళ్ళూ నేను వాయించిన పెట్టెలో ఇంత ఉందని నాకే తెలియదు, నీకెలా తెలిసింది? ఆదివారం ఆరాధన అయ్యాక రికార్డు చేస్తాం.

మీ నాయన

కల్లూరు, జనవరి 25

ప్రియమైన తల్లికి,

క్షమించు. నీ పరీక్ష పాడు చేశాను. అందరినీ గమ్మున కూర్చోమన్నాను. మన సంఘం సంగతి నీకు తెలియనిదా? ఒకే వరుస మళ్ళీ మళ్ళీ వస్తే తమనే పాడమంటున్నారనుకుంటారు. ఆరో నిమిషంలో ముందు వరసలోని విశ్వాసమ్మ అవ్వ "హల్లెలూయ" అని ఎత్తుకుంది. ఇంకేముంది, చర్చంతా అందుకుంది. కొందరు నా వెంట, కొందరు బాలస్వామి వెంట. తర్వాత కోప్పడితే, "నువ్వు పాడమంటేనే గదప్పా పాడినాం!" అంది. ఆపాల్సింది నేనే. అంత బాగుంటే చేతులు ఆగలేదు. బాలస్వామి కూతురి కాన్పని సాయంత్రమే బనగానపల్లె వెళ్ళాడు, మళ్ళీ వాయించే దారి లేదు. ఉన్నదే పెన్‌డ్రైవులో పంపుతున్నాను.

నీకు అన్యాయం చేసిన
నాయన

చెన్నై, ఫిబ్రవరి 10

ప్రియమైన నాయనకు,

మా మేష్టారు రెండుసార్లు విన్నారు. "గొంతులు పాడే భాగం ఎవరు రాశారు?" అన్నారు. ఎవరూ రాయలేదన్నాను. నేను రాయనిది పరీక్షలో ఉండకూడదట. ఆరో నిమిషం దగ్గర కోసేసి ఇస్తే పాస్ చేస్తామన్నారు. కోద్దామనే కూర్చున్నాను నాయనా. అవ్వ గొంతు రాగానే ఏడుపొచ్చింది. కొయ్యలేదు. పట్టా ఆరు నెలలు వెనక్కి పోయింది, పోనీ. ఐదు స్వరాలు రాసి గొప్పదాన్ననుకున్నాను, మీరంతా కలిసి దాన్ని పాట చేశారు. మళ్ళీ రాస్తున్నాను, ఈసారి సంఘానికి కూడా చోటు పెట్టి. విశ్వాసమ్మ అవ్వను మాత్రం ఒక మాట అడుగు: ఆరు నిమిషాలు ఎందుకు ఆగిందట?

నీ
దీవెన