ఎర్ర పెట్టెకి తొమ్మిది మార్కులు

తమ్ముడూ,

డ్యూటీకి వెళ్తున్నా, వచ్చేసరికి పదవుతుంది. ఫ్రీజర్లో పై అరలో ఉన్న బఠాణీ అన్నం నాలుగు నిమిషాలు వేడిచేసుకో, మధ్యలో ఒకసారి కలుపు. కప్పు నూడుల్స్ జోలికి పోకు. "తాడు ఉడకబెట్టినట్టుంది" అని రాసి పదికి రెండు మార్కులేసింది నువ్వే. చౌకగా వస్తున్నాయని అరడజను కొన్నాను, నా ఖర్మ.

ఫ్రిజ్ తలుపుకి నిన్న నువ్వు అంటించిన అట్టముక్క చూశాను. ఫ్రీజర్లో ఆ రెడీమేడ్ కంపెనీ వాళ్ల ఎర్ర పెట్టెలోని బంగాళాదుంప కూరకి తొమ్మిది మార్కులు! కింద "వండిన చేతికి దండం పెట్టాలి. మా అక్కని వీళ్ల దగ్గర ఆర్నెల్లు పనికి పెట్టాలి" అని కూడా రాశావు.

ఒరేయ్, అది కంపెనీ కూర కాదు. ఆదివారం మిగిలిన నా కూరే. డబ్బాలన్నీ నువ్వు ఆఫీసులోనే వదిలేసి వస్తుంటే, ఇంకెందులో పెట్టను? వాళ్ల ఖాళీ ట్రేలో నింపి, అదే పెట్టెలోకి తోసేశాను. ఆదివారం వేడివేడిగా వడ్డిస్తే పెదవి విరిచింది నువ్వే కదా?

రేపు డబ్బాలు పట్రా.

అక్క

అట్టముక్క కోసం వెతక్కు, నా బ్యాగులో ఉంది. క్యాంటీన్లో అందరికీ చూపిస్తా. ఆ ఒక్క మార్కు ఎందుకు కోశావో మాత్రం నేనొచ్చేదాకా మేలుకుని ఉండి చెప్పు.