బావ గడియారం

మరోదా, భిలాయి

అప్పకి తమ్ముడు పరంధామయ్య దండాలు.

నువ్వు పంపిన బావ చేతి గడియారం నడుస్తోంది, బెంగ పెట్టుకోకు. ఇక్కడి షాపువాడు కూడా పనికిరాదన్నాడని నేనే వెనక మూత విప్పాను. ప్లాంటులో ఏ మిషను మొరాయించినా ముందు నూనె కొట్టడం నాకు అలవాటు. దీనికీ కుట్టుమిషను నూనె పోశాను. ఉన్న కాస్త కదలికా పోయింది. కోడలు బిందుప్రియ చూసి, "ఇదేటి మావయ్యా, మిల్లనుకున్నారేటి? బజ్జీలా ముంచేసినారు" అంది. బావ గుర్తుగా నీకు మిగిలింది పాడుచేశానేమోనని ఆ పూట నాకు అన్నం దిగలేదు. తర్వాత పెట్రోలుతో కడిగి ఆరబెట్టి, సూది మొనతో తగిలీ తగలనట్టు నూనె అంటించాను. ముల్లు కదిలింది.

నీ మోకాళ్లు ఎలా ఉన్నాయి? నూనె రాస్తున్నావా? మా ప్లాంటులో పనిచేసే దుర్గారావు ఊరొస్తున్నాడు, గడియారం అతని చేతికిస్తాను. అతను తిరిగొచ్చేటప్పుడు కాస్త చింతపండు ఇచ్చి పంపు, ఇక్కడిది పులుపుండదు. పిల్లలకి నా దీవెనలు.

ఇది కీ ఇచ్చే రకం కాదప్పా. చెయ్యి కదులుతుంటేనే నడుస్తుంది, బీరువాలో దాస్తే ఆగిపోతుంది. మగవాళ్లదని సిగ్గుపడకు. నీ మణికట్టుకి సరిపోయేలా పట్టీకి ఇంకో చిల్లు పెట్టాను.