లైటు ఆరినా కరెంటు పోలేదు

ఫెబా వాళ్ల నాయనా,

ఆళ్లగడ్డకు అక్క ఇంటికి పోతాండా, సాయంత్రం వస్తా. వంటింటి బల్బు ముట్టుకోవద్దు. ఎలక్ట్రీషియన్ అబ్దుల్లన్నను పిలుద్దామంటే "నాకు రాదా" అని ఎగిరి స్విచ్చి నువ్వే బిగిస్తివి కదా, అది కరెంటొచ్చే ఫేజుకు కాకుండా నల్ల వైరుకు, న్యూట్రల్‌కు పెట్టినావంట. పొద్దున ఆయన టెస్టరు పెట్టి చూపించినాడు. స్విచ్చి ఆపితే లైటు ఆరుతాది గానీ హోల్డరులో కరెంటు అట్లే ఉంటాది, నల్ల వైరులో కూడా. నల్లది ఏం చేస్తాదిలే అని చెయ్యి పెట్టేవు! నాలుగింటికి ఆయనే వచ్చి మెయిన్ ఆపి సరిచేస్తాడు. అంతవరకు కుర్చీ ఎక్కొద్దు.

నిన్నట్నుంచి నేను మాట్లాడ్డం లేదని కోపం ఆరిందనుకునేవు. నాదీ ఆ స్విచ్చే.

సలోమి

ఉగ్గాని మూత కింద ఉంది, తిను. బల్బు మాత్రం ముట్టుకోవద్దప్పా. నీకేమన్నా అయితే నేనెవరితో మాట్లాడకుండా ఉండాల?