మూడో అంతస్తు తాళంచెవి నాకెందుకు కావాలంటే

అయ్యా,

విషయం: మూడో అంతస్తు మరుగుదొడ్డి తాళంచెవి ఒకటి రికార్డు గది గుమాస్తానైన నాకు ఇప్పించుట గురించి.

సూచిక: రోజుకు రెండుసార్లకు మించి సీటు విడువరాదని తమరు జారీ చేసిన మెమో.

తమ సముఖమునకు విన్నవించుకొనునది ఏమనగా:

1. నాకు ఆరేళ్లుగా కాలేయం జబ్బు. ఎప్పుడో ఎక్కించిన రక్తం వల్ల వచ్చినది, సీసా వల్ల కాదు. "ఏం గురూ, రోజుకెన్ని?" అని టైపిస్టు అడుగుట, తమరు నవ్వుట ఏ విధుల కిందికి వచ్చునో తెలియదు.

2. నా అజీర్ణమునకు "అతిగా తినుట" కారణమని మెమోలో సెలవిచ్చితిరి. డాక్టరమ్మ చెప్పిన కారణములు వేరు. పైత్యరసం సరిగా దిగదు గనుక నూనె వస్తువు అరగదు. పొట్టలో చేరిన నీరు జీర్ణాశయాన్ని నొక్కును గనుక నాలుగు ముద్దలకే కడుపు నిండును. అతిగా తినే యోగమే ఉంటే ఈ అర్జీ ఎందుకండీ!

3. రోజుకు మూడుసార్లు వెళ్లుట నాకు జబ్బు కాదు, వైద్యం. పేగుల్లోని విషాన్ని నా కాలేయం వడకట్టలేదు. అది తలకెక్కకుండా విరేచనానికి మందిచ్చారు. తాళంచెవేమో తమ బంట్రోతు దగ్గర. అతను టీకి వెళ్తే గంటకు గాని రాడు. వచ్చాక రిజిస్టరులో పేరు, సమయం, కారణం రాయాలి. కారణం గడిలో "వచ్చింది" అని రాశాను. "వివరముగా రాయుము" అని తమరు ఎర్రసిరాతో తిప్పి పంపారు. అది నా చేతికి చేరేసరికి అవసరం తీరిపోయింది. ఎలా తీరిందో అడగకండి.

4. ఆ పరువు తక్కువ భరించలేక, మెమోను శిరసావహించి, నాలుగు రోజులు మందు మానేశాను. సీటు కదలలేదు. నాలుగో రోజు సంగతి పక్క సీటాయన చెబితే తెలిసింది. నెలల తరబడి పడివున్న అరవై మూడు ఫైళ్ల మీద, ఒక్కటీ చదవకుండా, "ఆమోదించవచ్చును" అని రాసి పంపానట. తమరు అన్నింటి కిందా సంతకం చేసి, నా భుజం తట్టి, "పనంటే ఇలా ఉండాలయ్యా!" అన్నారట. మతి ఉన్న ఆరేళ్లలో ఆ మాట ఒక్కసారీ వినలేదు. నేను చదవకపోవడానికి కాలేయం కారణం. తమరు చదవకపోవడానికి కారణం ఏ గడిలో రాయాలో తెలియజేయ ప్రార్థన.

5. ఆ సాయంత్రం ఇంటికెళ్లి, తలుపు తీసిన మా ఆవిడను "ఎవరు కావాలండీ?" అని అడిగానట. పాపం, తమాషా చేస్తున్నాననుకుని నవ్వింది. ఆసుపత్రిలో మూడో రోజుకు గాని ఆమెను గుర్తుపట్టలేకపోయాను. ఇరవై రెండేళ్ల కాపురం సార్. మళ్లీ అలా అడుగుతానేమోనని నాకు భయంగా ఉంది. ఆ తాళంచెవి ఇప్పించండి.

కావున పై సంగతులు చదివి చిత్తగించవలెను. "చదివి" అన్న మాట గమనింపగోరెదను.

ఇట్లు,
మతి నిలిచినంత కాలం తమ విధేయుడు,
రికార్డు గది గుమాస్తా

తాజా కలం: ఆ అరవై మూడింటిలో ఒకటి, తమ గది పక్కనున్న మరుగుదొడ్డిని మరమ్మతు నిమిత్తం ఆరు నెలలు మూయుట గురించినది. తమ సంతకం చక్కగా పడింది. పొద్దున్నే మేస్త్రీ వచ్చి తలుపుకు అడ్డంగా చెక్కలు కొట్టి పోయాడు. ఇకమీదట తమరు కూడా మూడో అంతస్తుకే రావాలి. రిజిస్టరు బల్లమీదే ఉంది, వివరముగా రాయండి. బంట్రోతు ఇప్పుడే టీకి వెళ్లాడు.